రాత్రిపూట కుట్టిన దారం

(2026 ఫిబ్రవరి 28, టైలర్స్ డే సభలో ఒక సీనియర్ టైలర్ ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలందరికీ నమస్కారం. పేర్లు చదవమని కాగితం ఇచ్చారు. అందులో పదకొండు పేర్లున్నాయి. చదవబోతే పన్నెండో ఆయనకి కోపమొస్తుంది. అందుకని కాగితం జేబులో పెట్టేశాను. ఎదురుగా కూర్చున్న అన్నలకీ తమ్ముళ్లకీ, వెనక వరసలో ఉన్న బొటిక్ అమ్మాయిలకీ, ఇందాకట్నుంచీ మైకుతో తిప్పలు పడుతున్న ఈ కుర్రాడికీ నమస్కారం.

ఎలియాస్ హౌ ఫొటోకి దండ వేశాం. 1846లో అమెరికాలో కుట్టు మిషనుకి పేటెంటు తీసుకున్నాడు. చేతిసూదికి బెజ్జం వెనక ఉంటుంది, మిషను సూదికి మొన దగ్గర ఉంటుంది. ఆ తేడా వల్లే మనమందరం అన్నం తింటున్నాం. ఆయన గురించి ప్రతి ఏడూ చెప్పుకుంటూనే ఉన్నాం గనక అక్కడ ఆపుతాను. కార్యదర్శి గారు నన్ను 'రెడీమేడ్ పోటీలో టైలర్ భవిష్యత్తు' మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. మాట్లాడతాను. ముందు ఒక మంచు కొండ సంగతి చెప్పనివ్వండి. పోయిన మార్చి నుంచీ అది నా గొంతుకి అడ్డం పడి ఉంది.

మా అమ్మాయి నార్వేలో ట్రోండ్‌హైమ్ అనే ఊళ్లో ఉంటుంది. 2025 మార్చిలో నన్ను తీసుకెళ్లింది. అప్పుడే ఆ ఊళ్లో ప్రపంచ నార్డిక్ స్కీ చాంపియన్‌షిప్ జరుగుతోంది. మార్చి 8, శనివారం, మగవాళ్ల లార్జ్ హిల్ స్కీ జంపింగ్. మా మనవడికి తొమ్మిదేళ్లు. "తాతా, నువ్వు రావాల్సిందే" అన్నాడు. రెండు స్వెట్టర్లు, మీద మా అల్లుడి కోటు, తలకి మఫ్లరు చుట్టుకుని వెళ్లాను.

గ్రానోసెన్ అని కొండ. దాని మీద ఓ పెద్ద జారుడుబల్ల. పిల్లల పార్కులోది కాదు, ధవళేశ్వరం బ్యారేజీని నిలబెట్టి వంచినట్టుంటుంది. మనిషి పైన కూర్చుంటాడు, కాళ్లకి తన కంటే పొడుగైన చెక్కలు. లేచి జారతాడు. అంచుకి వచ్చేసరికి వేగం గంటకి తొంభై కిలోమీటర్ల చుట్టూ ఉంటుంది. అక్కడ నేల అయిపోతుంది. ఆ అంచున ఒక్క దూకు. ఆ తర్వాత మనిషి గాలిలో పడుకుంటాడు. అవును, బోర్లా పడుకుంటాడు, చెక్కల్ని ఇంగ్లీషు V అక్షరంలా విప్పి. ఆ కొండ సైజు 138 మీటర్లు. అంటే మన క్రికెట్ పిచ్‌లు దాదాపు ఏడు. అంత దూరం గాలి మీదే.

దూరానికి మార్కులు, మీటరుకి 1.8 చొప్పున. దాంతోపాటు ఐదుగురు జడ్జీలు, ఒక్కొక్కరి చేతిలో ఇరవై. అందులో పెద్ద మార్కూ చిన్న మార్కూ తీసేసి మూడే కలుపుతారు. ఇదొక్కటీ నాకు భలే నచ్చింది. మన సంఘం ఎన్నికల్లో కూడా అలా చేస్తే బావుండును. దిగేటప్పుడు ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి పెట్టి, మోకాలు వంచి, చేతులు చాచాలి. దాన్ని టెలిమార్క్ అంటారు, నార్వేలోనే ఒక జిల్లా పేరు. రెండు కాళ్లూ కలిపి ధబ్బున దిగితే మార్కులు పోతాయి. గాలి ఎటు వీస్తే ఎంత కలపాలి, ఎంత తియ్యాలి అని ఇంకో లెక్క ఉంది. మనవడు చెప్పాడు. సగం అర్థమైంది.

నేను మాత్రం బట్టలు చూస్తూ కూర్చున్నాను. ఏం చేస్తాం, పెళ్లికెళ్లినా మన కళ్లు పెళ్లికొడుకు మొహం మీదికి వెళ్లవు, షేర్వాణీ భుజం మీదికే వెళ్తాయి కదా!

ఆ సూటు మామూలు బట్ట కాదు. ఐదు పొరలు, మధ్యలో స్పాంజి. మందం నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్లే ఉండాలి. గాలి దానిలోంచి ఇంత చొప్పున పారాల్సిందే అని కొలత ఉంది. ఒంటికి అంటుకునే ఉండాలి, లూజు కొద్ది సెంటీమీటర్లే. ఎందుకు? పంచె కట్టుకుని ఎదురుగాలిలో సైకిల్ తొక్కినవాళ్లు చేతులెత్తండి. చాలు, దించండి. పంచె ఎలా పొంగుతుంది? తెరచాపలా పొంగి వెనక్కి లాగుతుంది. వీళ్లకి అదే గాలి కింద నుంచి తగులుతుంది, మనిషిని పైకి ఎత్తి పట్టుకుంటుంది. లెక్కగట్టినవాళ్లు చెప్పేదేమిటంటే, సూటు చుట్టుకొలత ఒక సెంటీమీటరు పెరిగితే దాదాపు 2.8 మీటర్ల దూరం కలిసొస్తుందట. ఒక సెంటీమీటరు! మన టేపు మీద అరంగుళం కూడా లేదు. మనం "పర్లేదులే" అని వదిలేసే కొలత అది.

ఆ రోజు నెగ్గింది స్లొవేనియా కుర్రాడు డొమెన్ ప్రెవ్ట్స్. ముందు రోజు అదే కొండ మీద ఆడవాళ్ల పోటీలో వాళ్ల చెల్లెలు నికా నెగ్గింది. ఆ ఇంట్లో అన్నలు కూడా దూకేవాళ్లే. ఆ నెలాఖరుకి స్లొవేనియాలోని ప్లానిట్సాలో అంతకంటే పెద్ద కొండ మీద ఆ డొమెనే 254.5 మీటర్లు ఎగిరి ప్రపంచ రికార్డు కొట్టాడు. అది వేరే కథ. రెండోవాడు నార్వే కుర్రాడు మారియుస్ లిండ్విక్. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో లార్జ్ హిల్ బంగారు పతకం అతనిదే. ఆరు రోజుల ముందు ట్రోండ్‌హైమ్‌లోనే చిన్న కొండ మీద కూడా నెగ్గాడు. సొంత దేశం, సొంత కొండ. జనం గంటలు కొట్టారు, జెండాలు ఊపారు. మా మనవడి గొంతు పోయింది.

మేం ఇంటికెళ్లి అన్నం తింటున్నాం. మా అల్లుడు ఫోన్ చూసి "మామయ్యా, రెండోవాడిని తీసేశారు" అన్నాడు. లిండ్విక్‌ని తీసేశారు, అదే జట్టులోని ఫోర్‌ఫాంగ్‌నీ తీసేశారు. వెండి పతకం ఆస్ట్రియా యాన్ హోర్ల్‌కి, కంచు జపాన్ ర్యోయు కొబయాషికి వెళ్లాయి. ఎందుకు తీసేశారంటే, బట్టలు. అన్నం ముద్ద చేతిలోనే ఉంది. బట్టలా? ఏవీ, చూపించు అన్నాను.

ఒక వీడియో చూపించాడు. ఎవరో కర్టెన్ చాటు నుంచి దొంగతనంగా తీశారు. ఒక గది. మిషను. దాని మీద సూటు. కుడుతున్నారు. కోచ్ పక్కనే ఉన్నాడు.

ఏం కుట్టారో చెప్తాను, ఇది మీకు తప్ప ఇంకెవరికీ సరిగ్గా అర్థం కాదు. సూటు కాళ్ల సందు దగ్గర, సభ క్షమించాలి, మన పనిలో ఇది రోజూ అనే మాటే, ఆ అతుకులో ఒక గట్టి దారం వేశారు. బట్ట సాగకుండా, గాలికి ముడుచుకుపోకుండా, గబ్బిలం రెక్కలా బిర్రుగా నిలబడటానికి. ఆ సూటు ముందే చెక్ చేసి, గుర్తు కోసం చిప్పులు పెట్టి పాస్ చేసినది. పాస్ అయిన తర్వాత, పోటీకి ముందు రాత్రి, కుట్టు విప్పి దారం దూర్చి మళ్లీ కుట్టారు. ఆస్ట్రియా, స్లొవేనియా, పోలండ్ వాళ్లు గొడవ పెట్టారు. పైనుంచి చూస్తే ఏమీ కనపడలేదు. కుట్లు చించి చూస్తేగానీ దారం బయటపడలేదు. మర్నాడు నార్వే స్కీ జంపింగ్ పెద్ద యాన్ ఎరిక్ ఓల్బు టీవీల ముందు కూర్చుని, అవును చేశాం అని ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడం మాత్రం మెచ్చుకోవాలి. మన దగ్గరయితే ముందు కమిటీ వేసేవాళ్లు.

ఆ సీజన్లో మిగిలిన పోటీలకి ఏం చేశారో తెలుసా? ఒక్కొక్కరికీ ఒకే సూటు అన్నారు, దాన్ని కూడా పోటీ నడిపే పెద్దలే తీసుకుని దాచిపెట్టారు. దూకే ముందు ఇవ్వడం, దూకాక తీసుకోవడం. పెళ్లినగలు బ్యాంకు లాకర్లో పెట్టినట్టు బట్టలు పెట్టారండీ! మన చేతిపనికి అంత విలువ ఉందని నాకు అరవై నాలుగేళ్లకి తెలిసింది.

తర్వాత విచారణ. ఆగస్టులో ఇద్దరు కుర్రాళ్లకీ మూడు నెలలు సస్పెన్షన్. వాళ్లకి దారం సంగతి తెలియదన్నారు, విచారించినవాళ్లు కూడా అదే అన్నారు. అయితే రాత్రిపూట నీ సూటుకి ఏం చేస్తున్నారని అడగాల్సింది, అడగలేదు, అదీ తప్పు. ఈ జనవరిలో కోచ్ మాగ్నుస్ బ్రెవిగ్, సామాన్లు చూసే అడ్రియన్ లివెల్టెన్, ఇంకొకాయన, ముగ్గురికీ పద్దెనిమిది నెలలు నిషేధం.

అవును, చీటీ అందింది కార్యదర్శి గారూ. ఐదు నిమిషాలు. రెడీమేడ్ సంగతికి వస్తాను.

కాదు, రాను. మీరే క్షమించాలి. అసలు సంగతి ఇంకా చెప్పలేదు.

ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో మా అమ్మాయికి తెలుసు. "నాన్నా, ఇంక పడుకో" అనేది. నేను చూసింది కోచ్‌ని కాదు, మిషను దగ్గరి పనిని. అర్జెంటు పనికి తల ఎలా వంగుతుందో మనకి తెలుసు. పండగ ముందు రాత్రి, పెళ్లి ముందు రాత్రి, పక్కన ఎవరో నిలబడి "అయిందా, అయిందా" అంటుంటే, మనం మాట్లాడం. కాలు పెడల్ మీద, కన్ను సూది మీద. అప్పుడు మంచీ చెడూ ఆలోచించే తీరిక ఉండదు. ఉండదని మనం చెప్పుకుంటాం.

1991లో నేను అలా కుట్టాను. ఒక కాంట్రాక్టరు. పేరు చెప్పను. హాస్టలు పిల్లలకి తెల్ల చొక్కాలు, నాలుగు వందలు. పీసు రేటు. లెక్క ప్రకారం ఇచ్చిన బట్ట సరిపోదు. "మార్జిన్ తగ్గించెయ్" అన్నాడు. ఎంత అన్నాను. "నిలబడితే చాలు" అన్నాడు. మీకు చెప్పక్కర్లేదు. చంకలో, భుజం మీద, పక్క అతుకులో లోపల వదలాల్సిన బట్ట వదల్లేదు. అంచు దారాలు పోకుండా వేసే ఓవర్‌లాక్ లేదు. పైన ఇస్త్రీ చేస్తే పెళ్లికొడుకు చొక్కాలా ఉంది. ఐదు రాత్రులు కుట్టాను. మా అమ్మాయికి అప్పుడు రెండో ఏడు, మిషను కింద గోనెపట్టా మీద నిద్రపోయేది. నాకు డబ్బు కావాలి. అది నిజం. అది సాకు కూడా.

మన మీద లోకం వేసే నింద మీకు తెలుసు. ఎంత బట్ట ఇచ్చినా దర్జీవాడు ఒక ముక్క మిగుల్చుకుంటాడని. నా జన్మలో నేను జాకెట్టు ముక్క కూడా మిగుల్చుకోలేదు. మిగిలిన బద్దీలు కూడా మూట కట్టి ఇచ్చేవాణ్ణి. కానీ ఆ నాలుగు వందల చొక్కాల్లో ఎవరో బట్ట మిగుల్చుకున్నారు, నా చేత్తో మిగుల్చుకున్నారు. ఆ నింద విన్నప్పుడల్లా నేను గట్టిగా అరిచేది అందుకే. తప్పు చెయ్యనివాడు అంత గట్టిగా అరవడు.

రెండు నెలలకి ఒక పిల్లాడొచ్చాడు దుకాణానికి. పదకొండేళ్లుంటాయి. చొక్కా చంకలోంచి నడుం దాకా పోయింది. "కబడ్డీ ఆడుతుంటే చిరిగింది, సారు కొడతాడు, ఎంతవుతుంది?" అన్నాడు. చేతిలో రూపాయి నోటుంది. చొక్కా తిరగేశాను. నా కుట్టు నాకు తెలియదా? వాడికి తెలియదు అది నేనే కుట్టానని. తన తప్పనుకుంటున్నాడు. ఆటాడినందుకు సిగ్గుపడుతున్నాడు. నేను "కూర్చో" అన్నాను. ర్యాకులో ఒక తెల్ల పాప్లిన్ ముక్కుంటే, వాడి కొలతలు తీసి అప్పటికప్పుడు కొత్తది కుట్టి ఇచ్చాను. రూపాయి తీసుకోలేదు. "థ్యాంక్స్ అంకుల్" అని పరిగెత్తాడు.

అందుకని, ఆ నార్వే కుర్రాళ్లకి తెలియదంటే మా అల్లుడు నవ్వాడుగానీ నేను నవ్వలేదు. అంత పెద్ద ఆటగాడికి ఒంటి మీద బట్ట మారితే తెలియదా అంటే, తెలుస్తుందనే నా చెయ్యి అంటుంది. కానీ తెలియకుండా వేసుకున్నవాణ్ణి నేను కళ్లారా చూశాను. లిండ్విక్ పతకం పోయింది, నా పిల్లాడి చొక్కా పోయింది. ఆ కాంట్రాక్టరు మాత్రం ఆ తర్వాత రెండు బిల్డింగులు కట్టాడు. అక్కడ కుట్టమని చెప్పినవాణ్ణి కూడా పట్టుకున్నారు చూడండీ, కోచ్‌ని. నాకు కడుపు నిండింది ఆ మాట విని. మిషను మీద వంగినవాడితో ఆగిపోలేదు. మిషను మీద వంగినవాణ్ణి వదల్లేదు కూడా. ఆ రెండోది నాకు అంత రుచించలేదు, కానీ అదే సరైంది.

కుర్రాళ్లూ, మీకూ ఆర్డర్లొస్తాయి. యూనిఫారాలు, పార్టీ కండువాలు, ఆసుపత్రి గౌన్లు. "నిలబడితే చాలు" అనేవాడు వస్తాడు. ఆ రోజు నేను ఎంత అని అడిగాను, ఎందుకు అని అడగలేదు.

ఈ సంచీలో ఆ చొక్కా ఉంది. పిల్లాడు వదిలేసి వెళ్లిన చిరుగు చొక్కా. ముప్పై అయిదేళ్లు మా ఆవిడ దీన్ని పారెయ్యమని చెప్తూనే ఉంది. ముందు వరస నుంచి అటు పంపుతున్నాను. పైన చూడకండి, తిరగేసి చంక దగ్గర వేలు పెట్టి చూడండి, ఎంత వదిలానో. వెనక వరస అమ్మాయిలదాకా వెళ్లాలి. మెల్లగా పట్టుకోండి, దారం పోతోంది. భోజనాలకి లేచే ముందు ఎవరి దగ్గరుంటే వాళ్లు నాకు తెచ్చివ్వండి.

రెడీమేడ్ సంగతి వచ్చే ఏడు మాట్లాడతాను, పిలిస్తే.