మార్కులు తగ్గితేనే గుర్తొచ్చే పరీక్ష

(ప్రపంచ మానసిక ఆరోగ్య దినమైన అక్టోబరు 10న విజయవాడలో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు పాల్గొన్న సభలో ఒక క్లినికల్ సైకాలజిస్టు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు నమస్కారం. నన్ను పరిచయం చేసిన మిత్రులు చెప్పిన మంచి మాటల్లో సగం నాకు చెందవు కనుక వాటిని వారికే వదిలి విషయానికి వస్తాను.

మానసిక పరీక్ష పెద్దలకైనా పిల్లలకైనా ఎప్పుడు అవసరమవుతుందన్నది నాకు ఇచ్చిన అంశం. సూటి జవాబు ముందే చెప్పేస్తాను. ఒక మనిషి నిద్రలో, తిండిలో, చదువులో, పనిలో, నలుగురితో మెలగడంలో మార్పు వచ్చి, అది వారాల తరబడి కొనసాగుతూ, ఎందుకు వచ్చిందో ఇంట్లోవాళ్లకు అంతుబట్టనప్పుడు పరీక్ష చేయించాలి. మార్కులు ఆ జాబితాలో ఒకటి మాత్రమే. మా గదికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ప్రోగ్రెస్ కార్డు చేతికందిన తరువాతి వారంలోనే వస్తారు. మంచి మార్కులు తెచ్చుకుంటూ నెలల తరబడి ఎవరితోనూ మాట్లాడని పిల్లను మాత్రం ఎవరూ తీసుకురారు.

పసిపిల్లల విషయంలో గడువులు స్పష్టంగా ఉన్నాయి. పదహారు నెలలకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలిపి పలకకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోయినా ఇక ఆగకూడదు. "మగపిల్లలకు మాటలు ఆలస్యమే, వాళ్ల నాన్నకూ నాలుగో ఏటే వచ్చాయి" అనే నాయనమ్మల ధైర్యం నాకు తెలియనిది కాదు. అయినా ముందు వినికిడి పరీక్ష చేయించి, ఆ తరువాత మా దగ్గరకు రండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ఈ తొలి పరీక్షలు ఉచితంగా చేస్తారు.

ఇక అల్లరి. పిల్లవాడు కుదురుగా కూర్చోకపోతే వెంటనే ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత లోపంతో కూడిన అతి చురుకుదనపు సమస్య, అనేస్తున్నారు. ఆ నిర్ధారణకు లక్షణాలు కనీసం ఆరు నెలలు ఉండాలి, పన్నెండేళ్ల లోపే మొదలవ్వాలి, ఇంట్లోనూ బడిలోనూ కనబడాలి. ఇంట్లో గోడలెక్కుతూ బడిలో బుద్ధిగా ఉండే పిల్లవాడికి ఆ పేరు పెట్టడానికి వీల్లేదు.

ఇక్కడ ఒక పిల్లవాడి సంగతి చెప్పాలి. గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు కొంత మార్చాను. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర హోల్‌సేల్ కిరాణా కొట్టు నడిపే ఒకాయన నాలుగో తరగతి చదువుతున్న కొడుకును తీసుకువచ్చారు. కొట్లో పది రకాల సరుకులు వరుసగా చెబితే నోటి లెక్కతో మొత్తం చెప్పేసే ఆ పిల్లవాడు, తెలుగు వాచకంలో ఒక్క పేరా చదవడానికి చెమటలు కక్కేవాడు. బడిలో అతడికి పెట్టిన పేరు మొద్దు, ఇంట్లో పెట్టిన పేరు సోమరి. ఒత్తులు తారుమారు కావడం రెండో తరగతి నోటుపుస్తకాల్లోనే ఉంది. "ఐక్యూ ఎంతో చెప్పండి మేడమ్, చాలు" అన్నారు తండ్రి. రెండు విడతలుగా కూర్చోబెట్టి పరీక్షిస్తే తెలివితేటలు చక్కగానే ఉన్నాయి, ఇబ్బంది చదవడం దగ్గర, రాయడం దగ్గర మాత్రమే ఉందని తేలింది. దీన్నే అభ్యసన వైకల్యం అంటాం. ఆ సంగతి వివరిస్తుండగా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "నాకూ అక్షరాలు ఇలాగే అలుక్కుపోయేవండీ, అందుకే ఏడో తరగతిలో మానేశాను" అన్నారు చివరికి.

ఇంతవరకైతే మంచి కథే. పరీక్షల్లో అదనపు సమయం ఇవ్వాలని, గట్టిగా చదివించి అవమానించవద్దని నేను రాసిన రిపోర్టును వాళ్లు బడికి ఇచ్చారు. ఆ బడి యాజమాన్యం, పేరు చెప్పను, దాన్ని చదివి "ఇలాంటి పిల్లలకు మా దగ్గర ఏర్పాట్లు లేవు, వేరే చోట చూసుకోండి" అంది. సాయం కోసం చేసిన పరీక్షను జల్లెడగా వాడుకున్నారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ బడి నుంచి తీసేయకూడదు, చేర్చుకునేటప్పుడు పరీక్ష పెట్టి వడకట్టకూడదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఈ అభ్యసన వైకల్యమూ ఉంది. ఇక్కడున్న ప్రధానోపాధ్యాయులారా, దయచేసి వినండి: రిపోర్టు తెచ్చినందుకు పిల్లవాడు సీటు పోగొట్టుకుంటే, రేపు ఏ తల్లి రిపోర్టు తెస్తుంది?

పనిలో పనిగా, వేలిముద్రలు చూసి పిల్లల తెలివి ఎంతో, ఏ కోర్సులో చేర్చాలో చెబుతామని బడుల్లో స్టాళ్లు పెడుతున్నారు. దానికి శాస్త్రీయ ఆధారం లేదు. భారత పునరావాస మండలిలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు చేసే పరీక్ష వేరు. అది గంటలు పడుతుంది, పిల్లవాడు ఆలోచించే భాషలోనే జరగాలి.

పెద్దలకు సగం సమయం ఉంచుకోవాలనుకున్నాను, సగం కన్నా ఎక్కువే అయిపోయింది. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దల్లో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నట్టు తేలింది, వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదనీ తేలింది. దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే అది అలసట అనుకుని సరిపెట్టుకోకండి. కాన్పయిన తరువాత బిడ్డను ఎత్తుకోవడానికే మనసు రాని తల్లిని "ఓర్పు లేదు" అనకండి. దారి మరిచిపోతున్న తండ్రిని ముసలితనమని వదిలేయకండి. థైరాయిడ్ సమస్య, విటమిన్ బీ12 లోపం కూడా మతిమరుపులా కనిపిస్తాయి కనుక ముందు ఫిజీషియన్‌కు చూపించండి. మందులు అవసరమైతే రాసేది సైకియాట్రిస్టు, పరీక్షలు చేసేది మేము.

చావు మాట ఎత్తిన మనిషి విషయంలో మాత్రం అపాయింట్‌మెంటు కోసం ఆగవద్దు. ఒంటరిగా వదలకుండా ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి. 2022 నుంచి నడుస్తున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు రాత్రైనా పగలైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. పోలీసు కేసవుతుందని దాచే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యా ప్రయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించి శిక్ష లేకుండా కాపాడుతుంది.

పరీక్షకు వచ్చేటప్పుడు పాత నోటుపుస్తకాలు, టీచరు రాసిన నాలుగు మాటలు, కళ్లజోడు ఉంటే కళ్లజోడు, వాడుతున్న మందుల చీటీలు తెచ్చుకోండి. పిల్లవాడిని ముందు రాత్రి బాగా నిద్రపోనిచ్చి, టిఫిను పెట్టి, "నీకేదో తేడాగా ఉందట" అని భయపెట్టకుండా తీసుకురండి. ఇక మీరు అడగండి, చెబుతాను.