పేరు లేని పెట్టె

పెద్దలకు, వాయిద్యాలు పట్టుకొచ్చిన పిల్లలకు నమస్కారం. పాత సింథసైజర్ల గురించి, అంటే కరెంటుతో స్వరాలు పుట్టించే వాయిద్యాల గురించి, ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. సన్మానానికే సగం అయిపోయింది. శాలువా బాగుంది, థాంక్స్.

ఈ బల్ల మీది పెట్టె మన తిరుపతి గంగమ్మ జాతరలో ఆర్కెస్ట్రా వెనక మోగింది. మూడు వరుసల్లో ఎనిమిదేసి నాబులు, మధ్యలో బల్బులు. కంపెనీ పేరు లేదు. చూసినవాళ్లంతా ‘మూగ్ కదన్నా’ అంటారు, అమెరికా సింథసైజర్ కంపెనీ అది. స్వరాల వరసను తనంతట తానే తిప్పి మోగించే పెట్టెను సీక్వెన్సర్ అంటారు. మూగ్ 960 సీక్వెన్సర్‌కీ అన్నే నాబులు మరి! నాలుగు చక్రాలున్నదల్లా అంబాసిడరేనా? జర్మనీలో టాంజరిన్ డ్రీమ్ అని ఎలక్ట్రానిక్ సంగీత బృందం ఉంది. ఒకప్పుడు అందులో వాయించిన క్రిస్ ఫ్రాంకె దగ్గర మూగ్ ఉన్నమాట నిజమే. బెర్లిన్‌లోని ప్రొజెక్ట్ ఎలెక్ట్రోనిక్ వాళ్లు ఆయన కోసమే కట్టిచ్చిన సీక్వెన్సర్ కూడా ఉండేది. ఫొటో చూసి అన్నీ మూగ్ ఖాతాలో రాస్తే, కట్టినవాళ్లు ఏమైపోవాలి?

నాబులు నమ్మకండి, ఎవరైనా మార్చేస్తారు. మూత తీసి లోపలి చిప్పులు, అదే ఐసీల మీద తేదీ చూడండి. 8119 అంటే 1981లో 19వ వారం. ఆ ఐసీ మొదటినుంచీ ఉన్నదైతే పెట్టె అంతకన్నా పాతది కాదు. మళ్లీ టంకం పెట్టిన గుర్తులుంటే మాత్రం ఆ లెక్క చెల్లదు. తర్వాత స్వరాన్ని నడిపే వోల్టేజీకి మీటర్ పెట్టండి. సా నుంచి పై సాకి ఒక వోల్టు పెరిగితే మూగ్, రోలాండ్ పద్ధతి. వోల్టేజీ రెట్టింపైతే పాత యమహా, కార్గ్ పద్ధతి. వెనక అయిదు పిన్నుల సాకెట్ కనబడగానే మిడి అనకండి. వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఆ మిడి పద్ధతి వచ్చింది 1983లో. అంతకుముందే రోలాండ్ అలాంటి సాకెట్‌తోనే రిథమ్ మిషన్లకు తాళం కలిపేది.

ఇందులో నాలుగు ఐసీల నంబర్లు గీకేసి ఉన్నాయి. కాపీ కొడతారన్న భయంతో చేసినవాళ్లే గీకేవాళ్లు. అది బతుకుతెరువు, ఒప్పుకుంటాను. ఒప్పుకోలేనిది పెయింటు! నాబుల కింద తెల్లరంగుతో చేత్తో రాసిన తెలుగు అక్షరాలుండేవట. అమ్మకానికి పెట్టేముందు ఒక షాపు, పేరెందుకులెండి, దానిమీద నల్లరంగు కొట్టించింది. మెరుస్తుందని! చేతిరాత ఉంటే మనిషి దొరికేవాడు కదా సామీ. దుమ్ము దులపండి చాలు, రంగెందుకు?

ఎక్కడున్నాను... ఆ, అహ్మదాబాద్. మన దేశంలో ఇవన్నీ ఎక్కడివి అంటారు కొందరు. 1969లోనే అక్కడి డిజైన్ విద్యాసంస్థ ఎన్‌ఐడీకి మూగ్ వచ్చింది, అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ అమర్చిపెట్టాడు. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్ లాంటి మన సంగీతకారులు దానిమీద పనిచేసి టేపులు రికార్డు చేశారు. ఆ టేపులు దశాబ్దాలపాటు అల్మారాల్లోనే ఉండిపోయాయి. అయినా డబ్బాల మీద పేర్లు రాసి ఉండబట్టి ఎవరివో తెలిసింది.

చిత్తూరు, తిరుపతి ఆర్కెస్ట్రాల్లో వాయించిన పెద్దలు ఇక్కడ చాలామంది ఉన్నారు. సభ అయ్యాక మూత తీసి పెడతాను, వచ్చి చూడండి. ప్లగ్గు మాత్రం పెట్టకండి, లోపల కెపాసిటర్లు ఉబ్బి ఉన్నాయి. వెనక వరుసలో ఎవరో చెయ్యెత్తారు. బాబూ, ఆ మైకు ఆయనకివ్వు.