సీఎస్ఆర్ చేస్తే లాభం పెరుగుతుందా? స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. సమాజానికి మేలు చేసే కంపెనీలు లాభాల్లోనూ ముందుంటాయని సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నివేదికలన్నీ ఊదరగొడుతుంటాయి. అందులో నిజమెంత? మనతో ఫైనాన్స్ ప్రొఫెసర్ గారు, సీఎఫ్‌ఓగా, అంటే కంపెనీ ఆర్థిక వ్యవహారాల అధిపతిగా పనిచేసి రిటైరైన మేడమ్ ఉన్నారు. ముందు మీరు చెప్పండి సార్.

ప్రొఫెసర్: రెండూ జంటగా కనిపిస్తాయన్నది నిజమేనండి. ఈఎస్‌జీకి, అంటే పర్యావరణం, సమాజం, కంపెనీ పాలన విషయాల్లో పనితీరుకి, ఆర్థిక ఫలితాలకు సంబంధంపై వచ్చిన సుమారు 2,200 అధ్యయనాలను ఫ్రీడే, బుష్, బాసెన్ 2015లో జల్లెడ పట్టారు. దాదాపు 90 శాతం వాటిలో ప్రతికూల సంబంధం లేదు.

మాజీ సీఎఫ్‌ఓ: ప్రతికూలం కాదంటే లాభమొచ్చిందని కాదు కదా సార్! సున్నా కూడా ఆ లెక్కలోనే పడిపోయింది.

ప్రొఫెసర్: పడింది మేడమ్, కాదనను. అనుకూలంగా వచ్చినవే ఎక్కువ.

మాజీ సీఎఫ్‌ఓ: సరే. నేను బడ్జెట్ మీటింగుల్లో చూసింది చెప్తాను. లాభాలు దండిగా వచ్చిన ఏడాది “సీఎస్ఆర్‌కి ఇంకాస్త వేద్దాం” అని ఎవరో ఒకరు అంటారు. చేతిలో డబ్బు ఆడనప్పుడు మొదటి కోత కూడా దానికే. మరి ఏది ముందు, ఏది వెనక?

ప్రొఫెసర్: వాడాక్, గ్రేవ్స్ 1997లో పట్టుకున్నది ఇదే. సంబంధం రెండు వైపులా ఉందన్నారు. 2000లో మెక్‌విలియమ్స్, సీగల్ ఇంకో మెలిక పెట్టారు. ఆర్ అండ్ డీ, అంటే పరిశోధన, అభివృద్ధి ఖర్చును కూడా లెక్కలోకి తెస్తే లాభాలపై సీఎస్ఆర్ ప్రభావం తటస్థంగా తేలింది.

యాంకర్: అంటే అసలు కారణం తేల్చే దారే లేదా?

ప్రొఫెసర్: ఉంది. కరోలిన్ ఫ్లామర్ 2015లో అమెరికా కంపెనీల వాటాదారుల ఓటింగును తీసుకున్నారు. ఒక కంపెనీలో సీఎస్ఆర్ ప్రతిపాదన 50.3 శాతంతో నెగ్గిందనుకోండి, ఇంకోదాంట్లో 49.8 దగ్గర ఆగింది. ఈ రెండు కంపెనీల మధ్య తేడా దాదాపు అదృష్టమే. డబ్బున్నది కాబట్టి నెగ్గిందని అనలేం. అలా అంచుమీద నెగ్గిన చోట షేర్ ధర పెరిగింది, తర్వాత పనితీరూ మెరుగైంది.

మాజీ సీఎఫ్‌ఓ: తెలివైన పద్ధతే. కానీ చాలా ప్రతిపాదనలు చిత్తుగా ఓడిపోతాయి సార్. అంచుమీద తేలినవాటిని చూసి అందరికీ ఇంతేనంటే ఎలా?

ప్రొఫెసర్: అననండి. ఇప్పటికే బాగా చేస్తున్న కంపెనీలకు అదనంగా వచ్చేది తక్కువేనని కూడా ఫ్లామర్ అధ్యయనంలోనే తేలింది.

యాంకర్: మరి ఏ పనికి ఫలితం ఉంటుంది మేడమ్?

మాజీ సీఎఫ్‌ఓ: వ్యాపారానికి తగిలే పనికి. బట్టలకు రంగులద్దే ఫ్యాక్టరీ ఉంది. వాడిన నీళ్లు శుద్ధి చేసి వదిలితే జరిమానా తప్పుతుంది, మూతపడే భయమూ తప్పుతుంది. అదే ఫ్యాక్టరీ యజమాని గుమ్మమంత చెక్కు పట్టుకుని ఫొటో దిగితే? విరాళం మంచిదే, నేను వెక్కిరించడం లేదు. అమ్మకాలతో మాత్రం దానికి పని లేదు.

ప్రొఫెసర్: 2016లో ఖాన్, సెరాఫిమ్, యూన్ చెప్పిందీ ఇంచుమించు ఇదే. తమ రంగానికి కీలకమైన అంశాల్లో బాగున్న కంపెనీల షేర్లే ముందుకెళ్లాయి.

యాంకర్: మామూలు ఇన్వెస్టర్ రేటింగ్ చూసుకుంటే సరిపోతుందా?

ప్రొఫెసర్: అక్కడా చిక్కే. ఈఎస్‌జీ రేటింగ్ సంస్థలకే ఒకదానితో ఒకదానికి పొంతన కుదరదు. 2022లో బెర్గ్ బృందం ఆరు సంస్థలను పోల్చితే సగటు సహసంబంధం 0.54 వచ్చింది. పూర్తిగా ఏకీభవిస్తే అది 1 ఉండాలి.

మాజీ సీఎఫ్‌ఓ: నేనైతే నివేదికలో ఫొటోలు దాటేసి, ప్రమాదాలు, జరిమానాలు, మానేసిన ఉద్యోగుల లెక్కలున్న పేజీ తీస్తాను. ఆ పేజీ లేకపోతే వాటాదారుల సమావేశంలో లేచి అడుగుతాను.