పొలానికి పోవాల్సింది డంపు యార్డుకు పోతున్నది

సభకు నమస్కారం. నర్సంపేట అక్కలకు, అన్నలకు, పిల్లలకు, ముఖ్యంగా పొద్దున డ్యూటీ ముగించుకొని నేరుగా ఇక్కడికి వచ్చిన సఫాయి కార్మికులకు నమస్కారం. ఈ విషయం మనందరికన్నా బాగా తెలిసినవాళ్లు వాళ్లే. నేను తప్పు చెబితే మధ్యలోనే ఆపి సరిచేయండి.

రీసైక్లింగ్ అనగానే మనకు ప్లాస్టిక్ సీసాలు, పాత పేపర్లు గుర్తొస్తాయి. నేను మాత్రం వంకాయ తొడిమెల గురించి, మిగిలిపోయిన అన్నం గురించి, అరటి తొక్కల గురించి మాట్లాడడానికి వచ్చాను. మన పట్టణాల చెత్తలో బరువు ప్రకారం దాదాపు సగం ఇదే. ఈ సగాన్ని ఇంట్లోనే విడిగా పెట్టగలిగితే మిగతా సగంలో కొనేవాళ్లున్న సరుకు దానంతట అదే అమ్ముడుపోతుంది. పెట్టకపోతే రెండూ పాడవుతాయి. పప్పు ఒలికిన అట్టపెట్టెను, కూర అంటిన పేపరును పాత సామాన్ల దుకాణంలో ఎవరూ తీసుకోరు. కుప్ప లోపల గాలి ఆడక కుళ్లిన అన్నం నుంచి మీథేన్ అనే మండే వాయువు పుడుతుంది. డంపు యార్డుల్లో మంటలు అంత తొందరగా ఆరకపోవడానికి కారణం ఈ మీథేనే. వాన పడితే ఆ కుప్పలోంచి నల్లటి నీళ్లు కారి భూమిలోకి ఇంకుతాయి, పక్కనున్న బావుల్లోకి చేరతాయి. మడికొండ, రాంపూర్ వాళ్లను అడిగితే ఆ పొగ, ఆ వాసన ఎట్లా ఉంటాయో చెబుతారు. వరంగల్ చెత్త ఏళ్లుగా వాళ్ల దగ్గరే కుప్ప పడింది.

మన పెద్దలకు ఈ తడి చెత్త చెత్తే కాదు. కడుగునీళ్లు, గంజి, కూరగాయల పొట్టు కుడితి గోలెంలోకి పోయేవి, అక్కడి నుంచి బర్రె కడుపులోకి. పేడ, ఊడ్చిన ఆకులు, పొయ్యి బూడిద పెంటకుప్పకు చేరేవి. ఎండాకాలం వస్తే బండి కట్టి పొలానికి పెంట తోలేవాళ్లు. ఆ రోజులన్నీ మంచివేనని నేను అనను. ఆ పని భారమంతా ఇంటి ఆడవాళ్ల మీద పడేది, ఊరు శుభ్రం చేసే కులాలను ఊరు ఎట్లా చూసిందో కూడా మనకు తెలుసు. కానీ పొలం నుంచి ఇంటికి వచ్చింది మళ్లీ పొలానికే పోయేది. ఇప్పుడు ఇళ్లలో బర్రెలు లేవు, పెరళ్లు లేవు. కూరగాయలు మాత్రం ఇంకా పొలం నుంచే వస్తున్నాయి, తిరిగిపోయే దారే మూసుకుపోయింది.

మన చుట్టూ ఉన్నవి ఎక్కువగా చల్క నేలలు, అంటే ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర నేలలు. వాటిలో సేంద్రియ పదార్థం తక్కువ, నీళ్లను పట్టి ఉంచే శక్తీ తక్కువ. ఆ నేలల్లోనే మన రైతులు మిర్చి, పత్తి వేస్తారు. ట్రాక్టర్ పశువుల ఎరువు కొనడానికి ఎంత అవుతుందో ఇక్కడున్న రైతులకు నేను చెప్పాల్సిన పని లేదు. ఒకవైపు ఎరువు లేక నేల బీడువారుతున్నది, మరోవైపు ఎరువు కావాల్సింది పాలిథిన్ కవర్లో మూటకట్టి పారేస్తున్నాం. ఇదే నాకు బాధ కలిగించే విషయం. మున్సిపాలిటీ ఎరువు ఉచితంగా ఇచ్చినా వద్దని రైతు అంటే తప్పు రైతుది కాదు. అందులో గాజుపెంకులు, బ్లేడు ముక్కలు, కవర్ల పీలికలు ఉంటే చేలోకి ఎవరు పోసుకుంటారు? ఆ గాజుపెంకు ఎరువులోకి వచ్చింది వంటింట్లోంచే. కలిసిపోయాక యంత్రాలతో ఎంత జల్లించినా పూర్తిగా పోదు.

ఇంట్లో ఎరువు చేయడం కష్టమేం కాదు. వాసన వస్తుంది, పురుగులు పడతాయి అని అక్కలు అంటారు. వస్తాయి, నీళ్లు ఎక్కువైతే తప్పకుండా వస్తాయి. వాసన వచ్చిందంటే లోపల గాలి ఆడట్లేదని అర్థం. పాత బకెట్‌కు అడుగున, పక్కల రంధ్రాలు పెట్టండి. ఒక దోసెడు వంటింటి చెత్త వేస్తే దాని మీద అంతకు రెట్టింపు ఎండుటాకులు వేయండి. మొదట్లో కొద్దిగా పాత పెంట గానీ పుల్లటి మజ్జిగ గానీ చల్లితే సూక్ష్మజీవులు తొందరగా పని మొదలుపెడతాయి. మూడు నాలుగు రోజులకోసారి కలియబెట్టండి. పిడికిట పట్టి పిండితే తడి తెలియాలి, నీళ్లు మాత్రం కారకూడదు. రెండు మూడు నెలల్లో నల్లగా, పొడిపొడిగా, తొలకరి మట్టి వాసనతో ఎరువు తయారవుతుంది. ఎముకలు, చేప ముళ్లు ఈ బకెట్లో వద్దు, అవి చెత్త బండికే ఇవ్వండి. జాగా లేనివాళ్లు తడి చెత్త మొత్తం బండికే ఇచ్చినా చాలు, విడిగా ఇస్తే సరిపోతుంది.

పొడి చెత్త గురించి క్లుప్తంగా చెబుతాను. అట్టలు, పేపర్లు, నీళ్ల సీసాలు, ఇనుము, అల్యూమినియం కొనేవాళ్లు ఉన్నారు. పాత అల్యూమినియాన్ని కరిగించి వాడితే, కొత్తగా తయారుచేయడానికి పట్టే శక్తిలో సుమారు 95 శాతం మిగులుతుంది. పాల ప్యాకెట్‌ను కడిగి ఆరబెడితే దానికీ ధర ఉంటుంది. చిప్స్ ప్యాకెట్లు, గుట్కా పొట్లాలు మాత్రం పొరలు పొరలుగా అతికించినవి, వాటిని విడదీయలేరు. ఎక్కువలో ఎక్కువ సిమెంట్ కొలుముల్లో మండించడానికి పోతాయి. అందుకే వాటి విషయంలో రీసైక్లింగ్ అనే మాట నమ్మకండి, కొనడం తగ్గించడమే మార్గం. చెత్తను వీధి చివర తగలబెట్టడం అన్నిటికన్నా అన్యాయం. ఆ పొగ ముందుగా పోయేది పక్కింటి పసిపిల్ల ఊపిరిలోకి. పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే దీనికి 5,000 రూపాయల జరిమానా పెట్టింది.

పెళ్లిళ్ల దగ్గర కొంచెం ఆగాలి. ఒక్క ఫంక్షన్‌తో ఒక వీధి చెత్తంతా ఒక్క పూటలో తయారవుతుంది. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. అయినా దొరుకుతూనే ఉన్నాయి. పేపర్ గ్లాసు మంచిదనుకుంటాం గానీ దాని లోపల కూడా పల్చటి ప్లాస్టిక్ పొరే ఉంటుంది. పేపర్ కప్పులో వేడి ద్రవం పావుగంట ఉంటే వేల సంఖ్యలో సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు అందులో కలుస్తాయని 2020లో ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు తేల్చారు. సిద్దిపేట జిల్లాలో స్టీల్ బ్యాంకులు పెట్టారు. ప్లేట్లు, గ్లాసులు, గిన్నెలు ఊరికి ఉమ్మడిగా ఉంటాయి, ఫంక్షన్‌కు తీసుకుపోయి కడిగి తిరిగి ఇస్తారు. మన మహిళా సంఘాలు ఇది ఎందుకు చేయకూడదు? కడిగేవాళ్లకు కూలి వస్తుంది, సంఘానికి కిరాయి వస్తుంది. మోదుగాకు విస్తర్లు వాడితే అడవి మీద ఆధారపడి బతికేవాళ్లకూ పని దొరుకుతుంది, ఆ విస్తరి మళ్లీ ఎరువే అవుతుంది.

ఇదంతా ఇదివరకు ఎవరూ ప్రయత్నించలేదని కాదు. 2012 అక్టోబరులో వరంగల్‌లో క్లీన్ సిటీస్ చాంపియన్‌షిప్ అనే చెత్త సేకరణ పోటీ జరిగింది. వేరే మున్సిపాలిటీల సిబ్బంది కూడా వచ్చి ఇంటింటికీ తిరిగి తడి, పొడి వేర్వేరుగా సేకరించారు. చెత్త కుండీలే లేని నగరం కావాలన్నారు. ప్రజలు మారరు అనే మాట తప్పని అది చూపించింది. కానీ పోటీ వారం రోజులే ఉంటుంది, వంట ఏడాదంతా ఉంటుంది. అధికారి బదిలీ అయినా ఆగకుండా ఉండాలంటే పని వీధి చేతిలో ఉండాలి. మన వరంగల్ జిల్లాలోనే గీసుకొండ మండలం గంగదేవిపల్లి ఉంది కదా. తాగునీటికి ఒక కమిటీ, పారిశుధ్యానికి ఒక కమిటీ అని ఊరివాళ్లే వేసుకొని నడుపుకున్నారు. ఆ ఊరి పేరు దేశమంతటా తెలిసింది అందుకే.

కార్మికుల గురించి ఒక మాట. ప్యాడ్లు, డైపర్లు విప్పి చెత్తలో వేస్తే వాటిని చేత్తో పట్టుకొని తీయాల్సింది ఒక మనిషి. పేపర్లో చుట్టి, మీద ఎర్ర పెన్నుతో గీత పెట్టి విడిగా ఇవ్వండి. గాజు పగిలితే అట్టలో చుట్టి చేతికే ఇచ్చి చెప్పండి. సూదులు, మాత్రలు, బ్యాటరీలు విడిగా ఇంకో డబ్బాలో వేయండి. ఇది మర్యాదే కాదు, ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం మన బాధ్యత కూడా. వాళ్లకు గ్లౌజులు, బూట్లు అందుతున్నాయా అని కౌన్సిలర్‌ను అడగడం కూడా మన పనే.

బతుకమ్మ వస్తుంది. తంగేడు, గునుగు, బంతి చెరువులో కరిగిపోతాయి, వాటితో ఇబ్బంది లేదు. వాటి వెంట పోయే కవర్లు, రసాయన రంగులు అద్దిన గునుగు, ప్లాస్టిక్ పూలతోనే ఇబ్బంది. కాకతీయులు కట్టిన గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి నీళ్లు కింది చెరువుకు చేరతాయి, ఇక్కడ వేసిన కవర్ కూడా అట్లాగే చేరుతుంది. సద్దులు స్టీలు డబ్బాలో తీసుకుపోదాం, పూలు తెచ్చిన సంచి తిరిగి ఇంటికే తెచ్చుకుందాం.

ముందు రెండు వీధులతో మొదలుపెడదామని నా ప్రతిపాదన. ఊరంతా ఒకేసారి అంటే ఎక్కడ ఆగిందో కూడా తెలియదు. ప్రతి వీధికి ఇద్దరు అక్కలు బాధ్యత తీసుకోవాలి. చెత్త బండిలో రెండు అరలు వేర్వేరుగా ఉన్నాయో లేదో వాళ్లు రోజూ చూడాలి. ఎందుకంటే మనం విడిగా ఇచ్చింది బండిలో కలిసిపోతే మరుసటి రోజు నుంచి ఎవరూ విడదీయరు. ఇష్టమున్నవాళ్లు బయట బల్ల దగ్గర పేర్లు రాయించండి. వేప, కానుగ ఆకులు రాలుతున్నప్పుడే ఎండువి ఊడ్చి రెండు గోనె సంచుల నిండా నింపి పెట్టుకోండి. వానలు పడ్డాక పొడి ఆకు కావాలన్నా దొరకదు.