ఒకే సరస్సు, రెండు జాతులు

సమన్వయకర్త: చైనా మైనారిటీ జాతుల అధ్యయనం అనగానే అందరూ మానవశాస్త్రవేత్త ఫీ షియావోతుంగ్ పేరు చెబుతారు. మీరు మరో మానవశాస్త్రవేత్త లిన్ యావోహ్వాతో మొదలుపెడదామన్నారు, ఎందుకండీ?

మానవశాస్త్రవేత్త: లిన్ జీవితంలో పండితుడి పని, ప్రభుత్వం పని రెండూ కనిపిస్తాయి. 1940లో హార్వర్డ్ పీహెచ్‌డీ, 1943లో సిచువాన్ రాష్ట్రంలోని లియాంగ్‌షాన్ కొండల్లో ‘యీ’ అనే జాతి జనం మధ్య పరిశోధన. అంతవరకూ పండితుడి దారే. 1954లో నైరుతి చైనాలోని యునాన్ రాష్ట్రంలో, ఎవరు ఏ జాతో తేల్చే ప్రభుత్వ బృందానికి నాయకుడయ్యాడు. అంతకుముందు జనగణనలో జాతి పేరు జనాన్నే చెప్పమంటే, ఒక్క యునాన్‌లోనే 260కి పైగా పేర్లు పోగయ్యాయి. కొన్నింటికి ఒక్కడే మనిషి! చివరికి అవి 25 అయ్యాయి.

సమన్వయకర్త: అంత కుదింపు ఎలా సాధ్యమైంది?

భాషాశాస్త్రవేత్త: కొలబద్దగా స్టాలిన్ సూత్రం ఉంది: ఒకే భాష, ప్రాంతం, ఆర్థిక జీవనం, మనస్తత్వం. ఒకే కొండ మీద పైన ఒకరు, దిగువన ఇంకొకరు ఉండేచోట అది పనికిరాదు. చేతికందింది భాషే. నీరు, కన్ను, రెండు, మూడు లాంటి మాటలు రాసుకుని పక్కపక్కన పెట్టి చూడటమే. ఇందులో తప్పులు సులువు. చైనీస్‌లో అడిగితే చైనీస్ అరువు మాటే చెబుతారు, సంబంధం లేని భాషలూ చుట్టాల్లా కనిపిస్తాయి. వేలు చూపించి అడిగితే ‘వేలు’ అన్న మాటే రావచ్చు. స్వరస్థాయి, అంటే మాట పలికేటప్పటి గొంతు ఎత్తు, రాసుకోకపోతే వేరువేరు మాటలు ఒకటైపోతాయి.

మానవశాస్త్రవేత్త: భాష ఒక్కటే అనకండి. ‘మీరంతా ఒకటే’ అని జనాన్ని ఒప్పించడం కూడా ఆ పనిలో భాగమే.

సమన్వయకర్త: ఒప్పుకోనివాళ్లు?

మానవశాస్త్రవేత్త: యునాన్, సిచువాన్ సరిహద్దులో ఉన్న లూగూ సరస్సు దగ్గర మోసువో జనాన్ని చూడండి. ప్రభుత్వ లెక్కలో యునాన్ ఒడ్డున వాళ్లు నాషీ జాతి, సిచువాన్ ఒడ్డున మంగోలులు. వాళ్లలో వాళ్లు మాత్రం ‘నా’ జనం. చాలా ఇళ్లలో మగవాడు రాత్రి ప్రియురాలింటికి వెళ్లి, తెల్లారేసరికి తల్లి ఇంటికొస్తాడు. పిల్లల్ని పెంచేది మేనమామలు. మన మేనమామ పిల్లనిచ్చే ఇంటివాడు, అక్కడి మేనమామ ఆ ఇంట్లోనే ఉండేవాడు. అందుకే ‘తండ్రి పేరు?’తో మొదలెడితే సర్వే తప్పుదారి పడుతుంది. ‘ఈ పొయ్యి దగ్గర ఎవరెవరు తింటారు?’ అని అడగాలి. అలాగని అందరూ అంతే అనీ రాసేయకూడదు, పెళ్లి చేసుకుని కాపురముండేవాళ్లూ ఉన్నారు.

సమన్వయకర్త: కొత్తగా వెళ్లే పరిశోధకుడి నోటుబుక్కులో ఏముండాలి?

భాషాశాస్త్రవేత్త: జాతికి రెండు గళ్లు. ఒకదాంట్లో గుర్తింపు కార్డు మీద ఉన్న పేరు, రెండోదాంట్లో వాళ్ల భాషలో వాళ్లు చెప్పిన పేరు, స్వరస్థాయితో సహా.