రెండు ఇంజిన్ల విమానంలో ఇన్‌స్ట్రుమెంట్ పాఠం ఎవరు చెప్పాలి?

అందరికీ నమస్కారం. అమెరికాలో పైలట్ శిక్షణకు వెళ్లబోయే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు ఫీజు గురించి చాలా అడుగుతారు. పాఠం చెప్పే మనిషికి ఏ అర్హతలున్నాయని అడిగేవాళ్లు తక్కువ. ఈ రోజు అదే మాట్లాడతాను.

అక్కడి విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ నిబంధనల్లో 61.195 అనే సెక్షన్ ఉంది. రెండు ఇంజిన్ల విమానంలో ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కి (బయటికి చూడకుండా పరికరాలు చూసే నడపడానికిచ్చే అర్హత) నేర్పాలంటే ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ మీద ఇన్‌స్ట్రుమెంట్, మల్టీ ఇంజిన్ రెండూ ఉండాలి. మా భాషలో మొదటిది సీఎఫ్‌ఐఐ, రెండోది ఎంఈఐ. పైలట్ లైసెన్సు మీద ఉంటే చాలదు. ఒకే ఇంజిన్ ఉన్న సెస్నా 172లో ఏళ్లతరబడి ఇన్‌స్ట్రుమెంట్ నేర్పినవాళ్లయినా, ఎంఈఐ లేకుండా రెండు ఇంజిన్ల సెమినోల్‌లో ఆ పాఠం చెప్పకూడదు. పైగా ఆ మోడల్‌లోనే పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత తనదే అయిన పైలట్‌గా, కనీసం 5 గంటలు నడిపి ఉండాలి.

మోడల్ దాకా ఎందుకంటారా? పైపర్ సెమినోల్‌లో ప్రొపెల్లర్లు ఎదురు దిశల్లో తిరుగుతాయి, ఏ ఇంజిన్ పోయినా ఇబ్బంది ఒకటే. బీచ్‌క్రాఫ్ట్ బారన్‌లో రెండూ ఒకే దిశలో తిరుగుతాయి. ఎడమది ఆగితే విమానం ఎక్కువ మొండికేస్తుంది.

ఇక అసలు పాఠం. స్టూడెంట్ బయటికి కనపడకుండా హుడ్ పెట్టుకుని ఐఎల్‌ఎస్ (రన్‌వేకి దారి చూపే రేడియో సంకేతాలు) మీద దిగుతుంటాడు. ఇన్‌స్ట్రక్టర్ కనపడకుండా చార్టు అడ్డం పెట్టి, ఒక ఇంజిన్ పోయినట్టు చేయడానికి దాని థ్రాటిల్ వెనక్కి లాగుతాడు. దిగేటప్పుడు పవర్ తక్కువ కాబట్టి మొదట పెద్దగా తెలియదు. గ్లైడ్ స్లోప్ (దిగాల్సిన వాలు దారి) కిందికి జారిపోతున్నామని టెన్షన్‌లో పవర్ పెంచాడా, అప్పుడు గుంజుతుంది పక్కకి! యోక్ (చేతిలోని స్టీరింగ్) తిప్పేస్తాడు, కాళ్లు మర్చిపోతాడు. కాలితో రడ్డర్ (తోక మీది చుక్కాని) తొక్కి నిలబెట్టాకే, ఏ కాలు ఖాళీగా ఉంటే అటువైపు ఇంజిన్ పోయిందని తేలేది. ఈలోగా స్పీడు మీటర్ మీది నీలిగీత (ఒక ఇంజిన్‌తో బాగా పైకెక్కే వేగం) నుంచి, అంటే సెమినోల్‌లో 88 నాట్ల నుంచి, పడిపోతుంటుంది. 56 నాట్ల ఎర్రగీత దాకా రానిస్తే, రెండో ఇంజిన్ ఫుల్ పవర్‌లో ఉన్నప్పుడు రడ్డర్ చాలకపోవచ్చు. ఎంతసేపు ఊరుకోవాలి, ఎప్పుడు కంట్రోల్స్ లాక్కోవాలి అన్నది ఇన్‌స్ట్రక్టర్‌కి చేతులకు తెలిసి ఉండాలి. నా మటుకు నాకు 5 గంటలు చాలా తక్కువనిపిస్తుంది.

కాబట్టి చేరేముందే అడగండి: ఈ మోడల్‌లో మీకెన్ని గంటలున్నాయి, ఒక ఇంజిన్ మీద అప్రోచ్‌లు (రన్‌వే వైపు దిగి రావడం) ఎన్నిసార్లు నేర్పారు? మొహమాటపడొద్దు. చాలామంది ఇన్‌స్ట్రక్టర్లు ఎయిర్‌లైన్‌కి కావాల్సిన 1500 గంటలు పూర్తవగానే వెళ్లిపోతారు. మధ్యలో మారితే కొత్తగా వచ్చినవాళ్లనీ ఇదే అడగండి.