ముందు నడవాల్సింది ఎవరు?

శ్రోతలకు నమస్కారం.

కొండలెక్కడం గురించి రేడియోలో మాట్లాడబోతున్నానంటే మా ఆవిడ నవ్వింది. "రెండో అంతస్తుకే ఆయాసపడతారు, మీరా చెప్పేది?" అంది. నిజమే. పైగా హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నవి కొండలు కూడా కావు, గుట్టలు, బండలు. కాకపోతే ఆ బండల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. హిమాలయాలు లేవడం మొదలై అయిదు కోట్ల ఏళ్లే అయింది. ఆ లెక్కన మన ఖాజాగూడ బండ ముందు హిమాలయాలు పసిపిల్లలు.

నాకిచ్చిన టైము తక్కువ. అందుకని ఒక్క గుట్ట సంగతే చెప్తాను. భువనగిరి.

సికింద్రాబాద్‌లో కాజీపేట వైపు వెళ్లే రైలెక్కితే ఘట్‌కేసర్, బీబీనగర్ దాటాక వస్తుంది. ఊరి మీద బోర్లించిన గుడ్డులా ఒకే ఒక్క రాయి, ఎత్తు 500 అడుగులకు పైనే. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీద త్రిభువనగిరి అయింది, నోళ్లలో నలిగి భువనగిరిగా మిగిలింది. చరిత్ర ఇంతటితో ఆపేస్తాను, మళ్లీ మాటల్లో పడిపోతాను.

ఆ రోజు మేం ఆరుగురం. అందరం నలభై దాటినవాళ్లమే. మాలో ఒకాయన బ్యాంకులో పనిచేస్తాడు, మాకందరికీ మేనేజర్ సాబ్. మనిషి కాస్త భారీ. పొద్దున్నే ఎక్కడం మొదలుపెడితే బాగుండేది కానీ, కిందే ఇడ్లీలు, వాటి మీద చాయ్, ఆ చాయ్ మీద ఇంకో చాయ్ అయ్యేసరికి తొమ్మిదిన్నర. ఆ టైముకి బండ వేడెక్కడం మొదలవుతుంది. నెత్తి మీద ఎండ ఒకటి, కింది నుంచి బండ సెగ ఒకటి.

హుషారుగా నేనే ముందు నడిచాను. కొంత ఎక్కి నీడ చూసుకుని కూర్చున్నాం, మేనేజర్ సాబ్ వచ్చేదాకా ఆగాం. వచ్చాడు, లేచాం. ఇంకొంత ఎక్కాం, కూర్చున్నాం, ఆగాం. వచ్చాడు, లేచాం. మూడోసారీ అంతే. నాలుగోసారి ఆగాం. ఆయన రాలేదు.

ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడు. టెన్షన్ మొదలైంది. నేను కిందికి దిగాను. కోట గోడ పక్కన జానెడు నీడలో కూర్చుని ఉన్నాడు. ఒక బూటు విప్పేశాడు. సీసాలో నీళ్లు అయిపోయాయి. ముఖం కందగడ్డలా ఉంది.

"మీరు పోండి భాయ్, నేను ఇక్కడే ఉంటా" అన్నాడు.

నా నీళ్ల సీసా ఇచ్చి పక్కన కూర్చున్నాను. సగం తాగి, సగం నెత్తిన పోసుకుని, అప్పుడన్నాడు: "ఒక్క మాట చెప్పనా? పొద్దుట్నుంచి మీరు మూడుసార్లు కూర్చున్నారు. నేను ఒక్కసారి కూడా కూర్చోలేదు."

నాకు కాసేపు నోట మాట రాలేదు. నిజమే కదా! ఆయన కోసం ఆగుతున్నామని మేం అనుకుంటున్నాం. ఆయన వచ్చేసరికి మా అలసట తీరిపోతోంది, లేచి పోతున్నాం. విశ్రాంతి ఎవరికి కావాలో వాళ్లకి తప్ప అందరికీ దొరుకుతోంది.

ఆ రోజు పైదాకా పోలేదు, దిగిపోయాం. దిగేటప్పుడు ఇంకో సంగతి తెలిసింది. ఎక్కేటప్పుడు ఊపిరికి పరీక్ష, దిగేటప్పుడు మోకాళ్లకి. బండ మీద సన్నటి ఇసుక రేణువులుంటాయి, బూటు కింద గోలీల్లా దొర్లుతాయి. వాన పడితే పాచి తోడవుతుంది. నునుపైన ఏటవాలు చోట నామోషీ పడకుండా కూర్చుని జరగడమే మేలు. ప్యాంటు చిరిగితే చిరగనివ్వండి.

2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణకి అప్పటికి 14 ఏళ్లు నిండలేదు. ఆ అమ్మాయి బండలెక్కడం నేర్చుకున్నది ఈ భువనగిరిలోనే. మేం ఆయాసపడి కూర్చున్న గుట్ట మీద! ఆ మాట తలుచుకుంటే కొంచెం సిగ్గు, చాలా సంతోషం.

రెండు నెలలాగి మళ్లీ వెళ్లాం. ఈసారి ఆరు గంటలకే మొదలుపెట్టాం. మనిషికి రెండు లీటర్ల నీళ్లు. అందరికన్నా ముందు మేనేజర్ సాబ్. ఆయన నడిస్తే నడవాలి, ఆయన ఆగితే ఆగాలి, దాటిపోకూడదు. అందరికన్నా చివర నేను. మొదటి పది నిమిషాలు కాళ్లు కట్టేసినట్టు అనిపించింది, దాచిపెట్టడం ఎందుకు. తర్వాత అలవాటైంది. ఆరుగురం ఒకేసారి పైకి చేరాం. ఆయన సంచిలోంచి పులిహోర డబ్బా తీశాడు. అంత బరువు ఎందుకు మోశాడో, అడిగితే చెప్పలేదు.

వచ్చే ఆదివారం అనంతగిరి పోదామనుకున్నాం, మన మూసీ పుట్టేచోటు. నిన్న మేనేజర్ సాబ్ ఫోన్ చేశాడు. నాకు వారం నుంచి కుడి మోకాలు పట్టేసిందని ఎవరో చెప్పారట.

"సాబ్, ఈసారి ముందు మీరు" అన్నాడు.